చివరి రెండు నిమిషాల పొగ

నేను టెస్టింగ్ వాణ్ణి. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాము ఎక్కడ చెడిపోతుందో ముందే ఊహించి చెప్పినందుకు హైటెక్ సిటీలో ఒక కంపెనీ నాకు జీతమిస్తుంది. ఇంటికొచ్చాక కూడా ఆ పని ఆగదు. గ్యాస్ కట్టేశానా, తలుపు గడియ పడిందా, ఇంటి ఓనరు ఇవాళ నన్ను చూసి నవ్వలేదేం, ఇలా ఒకదాని వెనక ఒకటి. మా ఆవిడ తేజస్విని దీన్ని ఉద్యోగధర్మం అని వెనకేసుకొస్తుంది. మా అమ్మ సుబ్బమ్మ మాత్రం, మా దినేష్ చిన్నప్పటినుంచీ వట్టి పిరికోడు అని ప్రొద్దుటూరులో కనపడినవాళ్ళకల్లా చెప్తుంది. ఇద్దరిలో మా అమ్మదే నిజం.

అంత పిరికివాణ్ణి, గాంధీ జయంతి నాడు, అదీ బతుకమ్మ పండగ రోజుల్లో, ఓనరు వాళ్ళు నీసు వాసన కూడా రానివ్వని ఇంట్లో బర్రె మాంసం వండాను. హైదరాబాదులో దాన్ని పెద్దకూర అంటారు. మా ఇళ్ళల్లో దాని పేరు కూడా ఎత్తరు.

తేజస్వినికి అప్పుడు ఆరో నెల. ఏం తిన్నా ఇమడట్లేదు. రక్తం తక్కువుంది, కాస్త గట్టి తిండి పెట్టండని డాక్టరమ్మ రెండుసార్లు నన్నే చూసి చెప్పింది, తప్పంతా నాదైనట్టు. రెండేళ్ళ కిందట కంపెనీ తేజస్వినిని మూడు నెలలు డల్లాస్ పంపినప్పుడు, అక్కడ ఆఫీసువాళ్ళతో కలిసి మొదటిసారి గొడ్డు మాంసం స్టేక్ తిన్నది. ఆ రాత్రి ఫోన్లో గొంతు తగ్గించి నాకొక్కడికే చెప్పింది. నేనూ దాన్ని అంత గుట్టుగానే దాచాను. ఇప్పుడు వారం రోజులుగా గోడవైపు తిరిగి పడుకుని, అదే కావాలంటోంది. కూర కాదు, వేపుడు కాదు. రెండు వేళ్ళ మందం ఒకే ముక్క, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండాలి.

హోటల్‌కి తీసుకుపోదామంటే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులైంది. బస్సుల్లేవు. ఆటోలు ఒకరోజు ఉంటే ఒకరోజు లేవు. మాదాపూర్లో అలాంటివి వండే హోటల్ షట్టరు దించేసింది. గనుల్లో బొగ్గు తీసేవాళ్ళు కూడా సమ్మెలో ఉండటంతో కరెంటు ఎప్పుడు పోతుందో పేపర్లో వేళలు చూసుకుని బతుకుతున్నాం. మా అమ్మకి ఫోన్ చేసి, కోడలు ఏదో అడుగుతోందమ్మా అన్నాను. కడుపుతో ఉన్నది అడిగింది పెట్టకపోతే పుట్టే బిడ్డకి చెవుల్లో చీము కారుతుందిరా, ఏదడిగితే అది పెట్టు అంది. ఏమడిగింది అంటే, బొబ్బట్లు అన్నాను.

మేముండేది మియాపూర్లో, బస్ డిపో వెనక పాత ఊళ్ళో. మేడ మీద రెండు గదులు. కింద ఓనర్లు, రామచంద్రం, భాగ్యమ్మ. ఆయన ఆర్టీసీ డ్రైవరు. మామూలు రోజుల్లో పొద్దున పోతే రాత్రికి గానీ రాడు. సమ్మె వల్ల ఇప్పుడు చౌరస్తాలో వేసిన దీక్షా టెంటులో సగం రోజు, ఇంట్లో సగం రోజు. ఇల్లు ఇచ్చేటప్పుడు భాగ్యమ్మ ముందే చెప్పింది. మోటరు రెండుపూటలే వేస్తం, పండుగ దినాలల్ల నీసు వండొద్దు, పెద్దకూర మాత్రం మా ఇంట్ల ఎన్నడు నడ్వది. నేను ముందే తల ఊపేశాను. ఆమె చెప్పడం అయిపోకముందే.

ఎందుకంటే అంతకుముందు కొండాపూర్ ఓనరు మమ్మల్ని పది రోజుల్లో ఖాళీ చేయించాడు. చుట్టాలొస్తున్నారన్నాడు. వారం తర్వాత అటు పోతే మళ్ళీ టు-లెట్ బోర్డు వేలాడుతోంది. ఆ తర్వాత పదకొండు ఇళ్ళు తిరిగాం. ప్రతిచోటా మీదే ఊరు అనేవాళ్ళు, ప్రొద్దుటూరు అనేవాణ్ణి, అక్కడితో మాట ఆగేది. రామచంద్రం కూడా అదే అడిగాడు. ప్రొద్దుటూరనే చెప్పాను. దూరమే గదా అని, తాళంచెవి చేతిలో పెట్టాడు. ఉద్యమం గురించి మాతో ఒక్క మాట కటువుగా అనలేదు ఎప్పుడూ. నా భయానికి అదీ ఒక కారణమే. అనేవాడు అంటే వినేసి ఊరుకోవచ్చు. అననివాడు లోపల ఏమనుకుంటున్నాడో ఎట్లా తెలుస్తుంది?

పురుడు పోయాల్సిన డాక్టరమ్మ ఉన్నది మా వీధికి నాలుగు అడుగుల దూరంలో. ఇప్పుడు ఈ ఇల్లు పోతే, ఆరు నెలల కడుపుతో ఉన్న మనిషిని వెంటబెట్టుకుని, బస్సుల్లేని ఊళ్ళో మళ్ళీ ఇంటింటికీ పోయి మీదే ఊరు అనిపించుకోవాలి. రోజూ నిద్రపట్టేముందు నాకు గుర్తొచ్చేది అదే.

మాంసం దుకాణానికి నేను పోలేను. ఎవరో ఒకరు చూస్తారు. అందుకని మా ఇంట్లో అంట్లు తోమే కిష్టమ్మని అడిగాను. ఆమె రైలు పట్టాల అవతల బస్తీలో ఉంటుంది. మా వీధిలో మాతో కలిపి నాలుగిళ్ళు చేస్తుంది, నాలుగూ భాగ్యమ్మ మాట మీద దొరికినవే. వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడు మధ్యన అడిగాను. ఆమె గిన్నె తోమడం ఆపి నా మొహం చూసి నవ్వింది. మా ఇంట్ల ఐతారమైతే గదే కూర సారూ, గింత మాటకు నల్లా ఇడిచినవా అంది. తర్వాత తేజస్విని పడుకున్న గదివైపు చూసింది. కడుపుతోనున్న పిల్ల నోరు తెరిచి అడిగితే లేదంటరా, నేను తెస్త, ఎవ్వలకు చెప్పకు అంది. ఎవ్వలకు చెప్పకు అని ఆమె నాకు చెప్పడం నాకెంతో ధైర్యమిచ్చింది.

ఆదివారం గాంధీ జయంతి, దుకాణాలు మూత. అందుకని శనివారమే తెచ్చింది, తోటకూర కట్టల కింద పెట్టి. అండర్‌కట్, ఎముక లేని మెత్తని ముక్క. ముక్కలు కొట్టొద్దు, గిట్లనే కావాలె అంటే దుకాణమాయన కుక్కకా అని అడిగాడట. అంతా బాగానే ఉంది గానీ, మనవాళ్ళందరికీ ఉండే అలవాటు కొద్దీ ఆమె దాన్ని ఉప్పు, పసుపు వేసి మూడు నీళ్ళు కడిగి తెచ్చింది. తేజస్విని చూసి మంచం మీద కూలబడింది. స్టేక్‌కి తడి పనికిరాదట. పైన తడి ఉంటే పెనం మీద కాలదు, ఉడుకుతుంది. పాత నూలు పంచె చింపి, పచ్చగా మెరుస్తున్న ఆ ముక్కని అద్ది అద్ది తుడిచాను. ఉప్పు రాసి, మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఆరబెట్టాలంది. మూత లేకుండానే అని మళ్ళీ చెప్పింది.

ఏడు గంటలకి భాగ్యమ్మ పెద్ద సంచీతో పైకొచ్చింది. తంగేడు, గునుగు, బంతి. సమ్మె కరెంటు ఎగుడుదిగుళ్ళకి వాళ్ళ ఫ్రిజ్ కాలిపోయింది. రేపటి బతుకమ్మకి పువ్వులు వాడిపోకుండా మా ఫ్రిజ్‌లో పెట్టుకుంటానంది. నేను ఆమె చేతిలోంచి సంచీ దాదాపు లాక్కున్నాను. నేను పెడతాలే ఆంటీ, మీరు కూర్చోండి అంటూ వంటింట్లోకి పరిగెత్తి, ఆ ప్లేటుని కూరగాయల సొరుగులోకి నెట్టి, దాని మీది అరలో అమ్మవారి పువ్వులు పెట్టాను.  ఆమె హాల్లో కూర్చుని తేజస్విని పాదాలు వాచాయేమో చూస్తోంది. ఆ రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది. ఫ్రిజ్ ఆగిన చప్పుడుకి ఒకసారి, మొదలైన చప్పుడుకి ఒకసారి లేచి కూర్చున్నాను.

ఈ వంటకి రివర్స్ సియర్ అని పేరు. మామూలుగా మాంసాన్ని ముందు పెనం మీద కాల్చి తర్వాత ఉడికిస్తారు. ఇందులో తిరగేసి చేస్తారు. ముందు సన్నటి సెగ మీద ఓవెన్లో గంటసేపు లోపలిదాకా ఉడకనిచ్చి, చివర్న పొగలొచ్చేంత వేడెక్కిన ఇనప పెనం మీద ఇటో నిమిషం, అటో నిమిషం కాలుస్తారు. ఈ పద్ధతి నాకు నచ్చడానికి రుచి కారణం కాదు. మొదటి గంటలో వాసన పెద్దగా ఉండదు, చప్పుడు అసలుండదు. పొగంతా చివరి రెండు నిమిషాల్లోనే. రెండు నిమిషాలేగా అనుకున్నాను.

కాగితం మీద రాసుకున్నాను కూడా. కరెంటు పన్నెండు నుంచి రెండు దాకా ఉండదు, తర్వాత ఆరింటి దాకా పోదు. రామచంద్రం ఐదింటి దాకా టెంటులో ఉంటాడు. భాగ్యమ్మ ఒంటిగంటకి బాచుపల్లిలో చెల్లెలింటికి పోయి ఇంకొన్ని పువ్వులు తెస్తానంది, ఎంత లేదన్నా నాలుగవుతుంది. కిష్టమ్మ వచ్చేదీ నాలుగుకే. రెండింటికి ఓవెన్లో పెడితే, మూడింటికి పెనం, మూడుంపావుకి తినడం, తర్వాత అగరొత్తులు. ఎక్కడ చెడిపోతుందా అని నాలుగుసార్లు చూశాను. ఎక్కడా చెడిపోయేలా కనపడలేదు. ఆఫీసులో అలా ఎప్పుడు అనిపించినా నా పై అధికారి మళ్ళీ చూడమంటాడు.

సరిగ్గా రెండింటికి కరెంటొచ్చింది. కేకుల కోసం కొన్న చిన్న ఓవెన్ని నూట ఇరవై డిగ్రీలకి తిప్పి, కడ్డీల మీద మాంసం పెట్టాను. డల్లాస్ నుంచి తెచ్చుకున్న సూది థర్మామీటరు ఇన్నాళ్ళకి బయటికొచ్చింది. ఇరవై నిమిషాలకి ముప్పై ఎనిమిది. నలభై నిమిషాలకి యాభై నాలుగు. కడుపుతో ఉన్నవాళ్ళు లోపల ఎర్రగా ఉన్నది తినకూడదు, డెబ్భై దాటాలని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది, కోడికూర అనుకుని. తేజస్విని ఓవెన్ పక్కన కుర్చీ వేసుకుని, పొట్ట మీద చేతులు పెట్టుకుని, అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. వారం తర్వాత ఆమె మొహంలో నవ్వు చూశాను. ఆ కాసేపు నిజంగా భయం మర్చిపోయాను.

మూడింటికి పది నిమిషాలుందనగా గేటు చప్పుడైంది. కిటికీలోంచి తొంగి చూస్తే భాగ్యమ్మ, వెనకే రామచంద్రం. బాచుపల్లికి ఒక్క ఆటో లేదట. గంటసేపు చౌరస్తాలో నిలబడి, చివరికి టెంటులోంచి భర్తని లేపుకుని నడిచి వచ్చేసింది. ఇద్దరూ లోపలికి పోయారు. వాళ్ళ ఫ్యాను తిరిగే చప్పుడు మెట్ల మీదుగా వినపడుతోంది. 

ఆపేద్దాం అన్నాను. థర్మామీటరు అరవై మూడు చూపిస్తోంది. తేజస్విని అరవడం అలవాటులేని మనిషి, అప్పుడూ అరవలేదు. ఇప్పుడు ఆపితే ఇది పచ్చిదీ కాదు, ఉడికిందీ కాదు, ఎవరూ తినలేరు, పారేయడానికి కూడా వాళ్ళ ముందునుంచే పోవాలి అంది. అదీ నిజమే. అంతలో కిష్టమ్మ కూడా వచ్చేసింది, గంట ముందే. సాయంత్రం వాళ్ళ బస్తీలో బతుకమ్మ ఉందట. వంటింట్లోకి రాగానే సంగతి అర్థమై, కొంగు నడుముకి దోపుకుని, పెనం ఎక్కడ సారూ అంది.

ప్రొద్దుటూరు నుంచి మా అమ్మ పంపిన ఇనప దోసె పెనమే పొయ్యి మీద పెట్టాను. మా అమ్మకి తెలిస్తే ఆ పెనాన్ని పెన్నలో కలిపేసేది. ముందు గది కిటికీలు మూశాం. పొగ లాగే ఫ్యాను వేశాం. అది వెనక ఖాళీ స్థలంలోకి ఊదుతుంది, అటు ఎవరూ ఉండరు. పెనం అయిదు నిమిషాలు కాలింది. నూనె చుక్క వేస్తే వెంటనే పొగైంది. అరవై ఆరు దగ్గర మాంసం తీసి, పెనం మీద వేశాను.

అప్పుడే కరెంటు పోయింది.

ఆరింటి దాకా పోదని రాసుకున్న కరెంటు. తలపైన ఫ్యాను రెక్కలు నెమ్మదించి, నెమ్మదించి ఆగిపోయాయి. వీధి మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైంది, ఒక్క మా పెనం తప్ప. అది చేసే చప్పుడు ఊరంతా వింటోందనిపించింది. తీసేద్దామంటే ఒకవైపే కాలింది. తిప్పాను. పొగ పైకి లేచి, బయటికి పోయే దారి లేక, మా ముగ్గురి మొహాల మీదుగా హాల్లోకి, హాల్లోంచి తలుపు సందుల్లోంచి మెట్ల మీదికి పోయింది. కింద తలుపు తెరుచుకుంది. ఫ్యాను ఆగిందని వాళ్ళు గాలికోసం అరుగు మీదికొచ్చారు. ఆ పొగలోకే వచ్చారు.

"ఏంది దినేషూ, ఏమన్న కాలుతున్నదా?" రామచంద్రం కిందనుంచి అడిగాడు.

 పొయ్యి ఆపాను. కిష్టమ్మ నా చేతిలోంచి పట్టుకారు లాక్కుని, ముక్కని ప్లేటులో వేసి, ఓవెన్ వెనక్కి నెట్టి, పైన గిన్నె బోర్లించింది. మెట్ల మీద గాజుల చప్పుడు. భాగ్యమ్మ వస్తోంది. తేజస్వినిని పడకగదిలోకి పొమ్మని చేత్తో సైగ చేశాను.  ఆ క్షణంలో నాకు కనపడిందల్లా మళ్ళీ ఆ పదకొండు ఇళ్ళ గేట్లు.

భాగ్యమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. లోపలికి అడుగు పెట్టలేదు. గాలి పీల్చింది. పల్లె మనిషి, ఆమెకి చెప్పాల్సిన పని లేదు. ఇది కోడికూర కాదు, యాట కూర వాసన గూడ కాదు అంది, ఎవరినీ ఉద్దేశించకుండా.

నేను ఏదో అనబోయాను. ఏమనబోయానో ఇప్పటికీ నాకు తెలియదు. నిజమే చెప్పేవాణ్ణేమో అని అప్పుడప్పుడు అనుకుంటాను, అలా అనుకోవడం నాకు బాగుంటుంది. అంతలో కిష్టమ్మ తన సంచీలోంచి అన్నం డబ్బా తీసుకుని, నన్ను దాటుకుని ముందుకొచ్చింది.

"నాదే అమ్మా. పొద్దుగాల కెళ్ళి ఏం తినలే. నా డబ్బల ఉన్న కూర జర ఏడి జేసుకుందామని పెనం మీద ఏసిన, మాడింది."

భాగ్యమ్మ ఆమెని చూసింది. తర్వాత నావైపు తిరిగింది. కోపంగా కాదు. నామీద ఆమెకి నమ్మకముంది, అది ఆమె కళ్ళలో కనపడుతోంది.

"నీకెరికేనా బిడ్డా?"

"లేదాంటీ. నాకు తెలీదు" అన్నాను.

అంతటితో ఊరుకున్నా సరిపోయేది. ఎవరూ అడగకుండానే ఇంకా చెప్పాను. హాల్లో కూర్చుని లాప్‌టాప్ చూసుకుంటున్నాను, వాసనొస్తే ఇప్పుడే లేచి వచ్చాను, అదేంటని ఆమెని అడుగుతున్నాను, అంతలో మీరొచ్చారు. ఒక్కొక్క మాటా ఎంత తేలిగ్గా వచ్చిందో. టెస్టు రిపోర్టు రాసినట్టు, ఎక్కడా సందు లేకుండా. కిష్టమ్మ నావైపు చూసింది. ఒక్కసారే. తర్వాత నేలవైపు చూస్తూ నిలబడింది.

పండుగ దినాలల్ల, నా బతుకమ్మ పువ్వులున్న ఇంట్ల ఇదేం పని అంది భాగ్యమ్మ. గొంతు పెంచలేదు. నిన్ను నాలుగిండ్లల్ల పెట్టిచ్చింది నేను, ఇగ ఈ వాడకట్టుల ఏ ఇంట్ల అడుగు పెట్టకు, అందరికి నేనే చెప్త అంది. కిందనుంచి రామచంద్రం, పోనీ తియ్యే, పైన కడుపుతోని ఉన్న పిల్ల ఉన్నది, ఆ వాసనకు పరేషానైతది, కిటికీలు తెరువుమను అన్నాడు. మా మీద జాలితోనే అన్నాడు.

కిష్టమ్మ చెప్పులు వేసుకుని దిగిపోయింది. భాగ్యమ్మ పువ్వులడిగింది. కిష్టమ్మ ఫ్రిజ్‌నేమీ ముట్టుకోలేదు గదా అని అడిగింది. లేదన్నాను. రాత్రంతా ఆ మాంసం మీద ఉన్న పువ్వుల సంచీని తెచ్చి ఆమె చేతికిచ్చాను. ఆమె కళ్ళకద్దుకుని తీసుకుపోయింది.

తలుపు వేసి దానికి వీపు ఆనించి నిలబడ్డాను. నాకు ముందు కలిగింది సిగ్గు కాదు. ఇల్లు నిలబడింది అన్న సంతోషం. అక్కడే కూర్చుండిపోయాను. సిగ్గు తర్వాత వచ్చింది, చాలా తర్వాత.

తేజస్విని గదిలోంచి అంతా వింది. వంటింట్లోకొచ్చింది. గిన్నె తీసి, థర్మామీటరు గుచ్చి చూసింది. డెబ్భై రెండు. కత్తితో కోసింది. పైన నల్లగా కరకరలాడే పొర, లోపల ఈ అంచునుంచి ఆ అంచు దాకా ఒకే రంగు, ఎక్కడా పచ్చి లేదు, ఎక్కడా ఎండిపోలేదు. కళ్ళు తుడుచుకుంటూ, ఒక్క ముక్క మిగల్చకుండా తినేసింది. నాకు పెట్టలేదు, నేను అడగలేదు. తిన్నాక ప్లేటు కడిగి బోర్లించి, కిందికి పోయి నిజం చెప్పిరా అంది.

దిగాను. ముందుగదిలో భాగ్యమ్మ తాంబాళంలో తంగేడు పువ్వులు వరసలు పేరుస్తోంది. నన్ను చూసి ముందు తేజస్విని గురించే అడిగింది, వాంతులైనయా అని. ఇసొంటి టైంల నిన్ను పరేషాన్ చేసింది, నువ్వు ఫికర్ చెయ్యకు, వేరే పనిమనిషిని నేనే చూస్త అంది. సాయంత్రం ఆమెను కిందికి తోల్కరా, కడుపుతోనున్న పిల్ల చేత పువ్వు పెట్టిస్తే మంచిది అంది. సరే ఆంటీ అన్నాను. మళ్ళీ మెట్లెక్కాను. తేజస్విని నా మొహం చూసి ఏమైందని కూడా అడగలేదు. సాయంత్రం నడుం నొప్పని చెప్పి కిందికి పోలేదు. ఆడవాళ్ళు వాకిట్లో చప్పట్లు చరుస్తూ గుండ్రంగా తిరుగుతుంటే, మేమిద్దరం చీకట్లో చెరో గదిలో కూర్చున్నాం.

ఆ రాత్రి కొత్త భయం పట్టుకుంది. ఇప్పుడు కిష్టమ్మకి నాలుగిళ్ళూ పోయాయి. ఆమె ఎందుకు ఊరుకోవాలి? రేపు పొద్దున గేటు ముందు నిలబడి, కూర నాది కాదమ్మా, మీ సీమ సారుది అంటే? అప్పుడు మా మీద రెండు తప్పులు, మాంసం తెప్పించినందుకు ఒకటి, అబద్ధానికి ఒకటి. మా ఇల్లు పోకుండా కాపాడిన మనిషి పేరు తలుచుకుంటేనే చెమట పట్టింది. తెల్లారేదాకా గేటు చప్పుడు కోసం వింటూ పడుకున్నాను.

సోమవారం ఎనిమిదింటికి ఆఫీసు కారు కోసం వీధి చివర నిలబడ్డాను. కిష్టమ్మ వీధిలోంచి ఎదురుగా వస్తోంది. చేతిలో మూట. మిగతా ఇళ్ళల్లో ఉంచుకున్న తన పాత చీర, గిన్నె, చెప్పుల జత తెచ్చుకుంటోంది. చాటుకి చెట్టు లేదు, గోడ లేదు, నేను ఎక్కడికీ తప్పుకోలేకపోయాను. లాప్‌టాప్ సంచీ గుండెలకి అదుముకుని నిలబడ్డాను. ఆమె నేరుగా నా దగ్గరికే వచ్చి ఆగింది.

పిల్ల తిన్నదా అని అడిగింది. తిన్నది, అంతా తిన్నది అన్నాను. తల ఊపింది. పోతుందేమోననుకున్నాను, పోలేదు. మూట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"నేను అబద్ధమాడింది ఆ పిల్ల కోసం. మిమ్ముల ఎల్లగొడ్తరని. నా మాటతోని అయిపోతుండె. నువ్వెందుకు ఆడినవు సారూ?"

వీధిలో ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశాను. అప్పుడు కూడా చూశాను. తర్వాత, మొదటిసారి ఆమెకి నిజం చెప్పాను.

"భయమేసింది కిష్టమ్మా."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. కోపం లేదు. తిట్టినా బాగుండేది.

"నాకు భయం గాలేదా?" అంది.